విస్తరి ముందు కూర్చున్నవాళ్ళను లేపకూడదు

పోయిన నెల హనుమకొండలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల హాలు బయట నిలబడి ఉండగా వరసకు పెదనాన్న అయ్యే ఒక పెద్దాయన, రిటైరైన తహసీల్దారు, నన్ను పట్టుకున్నారు. నేను మొబైల్ నెట్‌వర్కుల్లో పని చేస్తానని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నే ఆయనా అడిగారు. "సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. ఇదేమి మాయ తల్లీ?"

ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళలో రకరకాల సమాధానాలు చెప్పాను. గీతలు వేరు, చానెళ్ళు వేరు అని మొదలుపెట్టగానే అడిగినవాళ్ళ కళ్ళు పక్కకు పోతాయి. ఆ రోజు మాత్రం సమాధానం ఎదురుగానే ఉంది. లోపల మూడో బంతి నడుస్తోంది, తలుపు దగ్గర తోపులాట.

"గీతలంటే వంటల వాసన పెదనాన్నా. వాసన వీధి చివరిదాకా వస్తుంది. విస్తరి దొరకడం వేరే సంగతి."

ఆయన నవ్వారు. నాకు మాత్రం ఆ పోలిక అక్కడితో ఆగలేదు. ఎందుకంటే బంతి భోజనాల మర్యాదలన్నీ మా పనిలో ఉన్నాయి. మొదటి మర్యాద: విస్తరి ముందు కూర్చున్నవాళ్ళను మధ్యలో లేపకూడదు. పప్పు వేసి, అన్నం వేసి, నెయ్యి వేసే లోపల "లేవండి" అన్నామంటే ఆ మనిషి జీవితంలో మళ్ళీ మన గడప తొక్కడు. బయటే "తర్వాతి బంతికి రండి" అంటే మాత్రం గొణుక్కుంటూ ఆగుతాడు. ఫోనులోనూ అంతే. కలవని కాల్ విసుగు పుట్టిస్తుంది, మాట్లాడుతుండగా తెగిన కాల్ కోపం తెప్పిస్తుంది.

రెండో మర్యాద ఇంకా సూక్ష్మమైనది. విడిది నుంచి మగపెళ్ళివారు నడిచి వస్తున్నారని కబురు అందితే, తలుపు దగ్గర నిలబడ్డ మేనమామ నాలుగు విస్తర్లు ఖాళీగా అట్టేపెడతాడు. ఖాళీ కనిపిస్తున్నా బయటివాళ్ళను కూర్చోనివ్వడు. బస్సులో వెళుతూ మాట్లాడుతున్న మనిషి ఒక టవర్ పరిధి దాటి ఇంకో టవర్ పరిధిలోకి వచ్చాడనుకోండి, కొత్త టవర్‌లో అతనికి ఒక చానెల్, అంటే ఒక కాల్‌కు సరిపడే దారి, సిద్ధంగా ఉండాలి. లేకపోతే సగం తిన్నవాణ్ణి లేపినట్టే. ఇలా పక్క టవర్ నుంచి వచ్చే కాల్స్ కోసం కొన్ని చానెళ్ళు విడిగా ఉంచడాన్ని గార్డ్ చానెల్ అంటాం. 1986లో హాంగ్, రాపాపోర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని గణితంతో లెక్కగట్టి చూపించారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది ప్రతి టవర్ సెట్టింగుల్లో ఒక చిన్న అంకె. ఆ అంకె గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. నేనూ ఆలోచించలేదు, మేడారం వెళ్ళేదాకా.

2014 ఫిబ్రవరి. అప్పటికి ములుగు జిల్లా లేదు, తెలంగాణ రాష్ట్రమూ ఇంకా ఏర్పడలేదు. 12వ తేదీ బుధవారం నుంచి 15వ తేదీ శనివారం దాకా సమ్మక్క సారలమ్మ జాతర. మామూలు రోజుల్లో మేడారం తాడ్వాయి అడవుల్లో ఒక చిన్న ఊరు. రెండేళ్ళకోసారి ఆ నాలుగు రోజులు అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు. కంపెనీలన్నీ చక్రాల మీద తిరిగే తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాయి. అలాంటి ఒక వ్యానుతో నన్ను పంపారు. నాతో ఒక టెక్నీషియన్, ఒక డ్రైవరు, ఒక డీజిల్ జనరేటర్. మా వ్యాను తాత్కాలిక బస్‌స్టాండుకు దగ్గరలో, జంపన్నవాగుకు వెళ్ళే దారి పక్కన. టెక్నీషియన్‌ను నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు, డ్రైవరు మా ఇద్దరినీ "సిగ్నల్ వాళ్ళు" అనేవాడు.

వెళ్ళేముందు ఆఫీసులో లెక్క వేసుకున్నాం. ఆ లెక్క నిజానికి వందేళ్ళనాటిది. ఎన్ని విస్తర్లు వేస్తే ఎంతమంది వెనక్కి పోవలసి వస్తుందో 1917లోనే సూత్రం రాసి అచ్చువేసినవాడు అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. డెన్మార్క్ మనిషి, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. కొలతల కోసం మ్యాన్‌హోళ్ళలోకి దిగేవాడని, వెనకాల ఒక పనివాడు నిచ్చెన మోసుకుని నడిచేవాడని చెబుతారు. లెక్కల మనిషి వీధిలోకి రావడం నాకు భలే నచ్చే విషయం.

ఆయన పట్టిక చెప్పేది మొదట చూస్తే వింతగా ఉంటుంది. 2జీ కాలపు జీఎస్‌ఎంలో ఒక సెక్టారుకు, అంటే టవర్ ఒక దిక్కుకు చూసే భాగానికి, రెండు ట్రాన్స్‌సీవర్లు (రేడియో పెట్టెలు) ఉంటే 16 టైమ్ స్లాట్లు, అంటే 16 విస్తర్లు. ఒకటి టవర్ తన ఉనికి చాటుకోవడానికి, ఒకటి సిగ్నలింగుకు, అంటే కాల్ కలిపే ముందటి సంప్రదింపులకు, పోగా మాటలకు మిగిలేవి 14. నూటికి ఇద్దరికి మించి వెనక్కి పంపకూడదంటే ఆ 14 మీద మోపదగిన భారం 8.2 ఎర్లాంగులే (కొలతకూ ఆయన పేరే). అంటే సగటున ఎనిమిది మంది మాట్లాడుతూ ఉంటారు, ఆరు చానెళ్ళు ఊరికే ఉన్నట్టు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరూ ఆ ఆరింటిని చూసి "ఇంత వృథానా" అంటాడు. అది వృథా కాదు, జనం ఒక్కసారిగా వచ్చిపడటానికి ఇచ్చే చోటు. అదే 14ను ఏడేసి చొప్పున రెండు గదులుగా విడగొడితే ఒక్కో గది మోసేది 2.9 ఎర్లాంగులు, రెండూ కలిపినా ఆరుకు చేరదు. విడగొట్టిన ప్రతిసారీ నష్టమే. గార్డ్ చానెళ్ళు కూడా ఒక రకంగా విడగొట్టడమే, ఇది గుర్తుంచుకోండి.

మా వ్యానులో ఒక్కో సెక్టారుకు నాలుగు ట్రాన్స్‌సీవర్లు. 32 స్లాట్లలో ఉనికి చాటడానికి ఒకటి, సిగ్నలింగుకు రెండు పోగా మాటలకు 29. అందులో 3 గార్డ్. హైదరాబాదులో ఒక రహదారి పక్క టవర్‌కు వాడిన సెట్టింగుల ఫైలునే ఇక్కడా ఎక్కించాం. ఎందుకంటే అది బాగా పనిచేసిన ఫైలు.

బుధవారం మధ్యాహ్నానికే ల్యాప్‌టాప్‌లో రద్దీ చూపే గడులన్నీ ఎర్రబడ్డాయి. సాయంత్రం కన్నెపల్లి నుంచి సారలమ్మ రావాలి, అప్పటికింకా చాలా సమయం ఉంది. జనం వ్యాను చుట్టూ చేరి ఫోన్లు పైకెత్తి పట్టుకునేవారు, టవర్‌కు దగ్గరగా ఉంటే కలుస్తుందని. ఒక ముసలాయన మాత్రం ఎత్తలేదు. నెత్తిన బెల్లం మూట, చేతిలో నోకియా ఫోను. నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, కోడలు బస్‌స్టాండు దగ్గరే ఆగిపోయింది. ఇది కలవడం లేదు. నీ ఫోనుతో ఒకసారి కలుపు."

నా ఫోను తీశాను. నెట్‌వర్క్ బిజీ. మళ్ళీ చేశాను. బిజీ. నాలుగోసారి కూడా.

"టవరే నీది కదమ్మా, నీకూ కలవదా?"

దానికి ఏం చెప్పాలి? ఏడోసారో ఎనిమిదోసారో కలిసింది. ఆయన ఫోను చెవికి ఆనించుకుని అరిచినట్టు చెప్పాడు. "వాగు దారిలో ఉన్నాను. తెల్ల వ్యాను, పొడుగు స్తంభం. అక్కడికే రండి." అంతే, ఫోను నా చేతిలో పెట్టాడు. తెర మీద కాల్ నిడివి ఇంకా కనిపిస్తోంది. 19 సెకన్లు.

మేము లెక్క వేసుకున్నది సగటు కాల్ 90 సెకన్లని. నేను ఆ 19ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

జాతరలో ఎవరూ కబుర్లు చెప్పుకోరు. ఎక్కడున్నావు, వచ్చాం, దిగాం, పిల్లవాడు కనిపించాడు. అన్నీ చిన్న కాల్స్. లేకపోతే మిస్డ్ కాల్స్. ప్రతి కాల్‌కూ మాటల చానెల్ దొరికే ముందు ఒక వాకిలి ఉంటుంది. ఫోను తలుపు తట్టి, నేను ఫలానా అని చెప్పుకుని, నంబరు ఇచ్చే చోటు. అదే సిగ్నలింగ్ చానెల్. కాల్ 19 సెకన్లయినా పది నిమిషాలయినా ఆ వాకిట్లో పట్టే కాలం ఒకటే, మూడు నాలుగు సెకన్లు. మిస్డ్ కాల్‌కూ అంతే, ఎస్‌ఎంఎస్‌కూ దాదాపు అంతే. లోపల విస్తర్లు ఉన్నాయి. చేతులు కడుక్కునే గోళెం దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు.

అప్పుడు ఎర్ర గడులను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. మాటల చానెళ్ళలో రద్దీ ఉంది, నిజమే. అంతకంటే ఎక్కువ రద్దీ సిగ్నలింగులో. అందులోనూ సగం కాల్స్ కోసం కాదు! ఫోన్లు తమ చిరునామా నమోదు చేసుకోవడం కోసం. నెట్‌వర్కు ఊళ్ళన్నిటినీ లొకేషన్ ఏరియాలుగా విడగొడుతుంది. ఒక ఏరియా నుంచి ఇంకో ఏరియాలోకి అడుగుపెట్టిన ప్రతి ఫోనూ, జేబులో నిద్రపోతున్నా సరే, లేచి "నేను ఇక్కడికి వచ్చాను" అని చెప్పుకుంటుంది. మేము వ్యానుకు ఒక ఏరియా నంబరు ఇచ్చాం, ఊళ్ళోని పాత టవర్‌కు వేరే నంబరు ఉంది. ఆ రెండింటి సరిహద్దు సరిగ్గా బస్సులు ఆగే చోట పడింది. బస్సు ఆగుతుంది, యాభై మంది దిగుతారు, యాభై ఫోన్లు ఒకేసారి తలుపు తడతాయి. ఆ మనుషులు పది అడుగులు అటు వేస్తే పాత టవర్, ఇటు వేస్తే మా వ్యాను. వేసిన ప్రతిసారీ మళ్ళీ నమోదు. ఆర్టీసీ బస్సులు ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

ఇక గార్డ్ చానెళ్ళ సంగతి. నడుస్తున్న వాహనాల కోసం పెట్టిన విస్తర్లు అవి. ఇక్కడ మాట్లాడుతూ దూరం వెళ్ళేవాళ్ళు లేరు, వెళ్ళడానికి చోటుంటే కదా. గంటకు కొద్ది పాటి హ్యాండోవర్లు, అంటే కాల్ మధ్యలో టవర్ మారడాలు, తప్ప లేవు. మగపెళ్ళివారు రారని తెలిసిన పెళ్ళిలో వాళ్ళ విస్తర్లకు కాపలా కాస్తున్నాం.

హైదరాబాదులోని కంట్రోల్ రూముతో మాట్లాడదామంటే ఫోను కలవదు, అది వేరే కథ. వ్యాను మీది మైక్రోవేవ్ లింకు ద్వారా ల్యాప్‌టాప్‌లో రాసి పంపాను. గార్డ్ 3 నుంచి 1కి తగ్గించాలి. మాటల స్లాట్లలో రెండింటిని సిగ్నలింగుకు మార్చాలి. ఒక్క స్లాటు ఇస్తే ఎనిమిది సిగ్నలింగ్ చానెళ్ళు వస్తాయి, కాబట్టి ఉన్న 16 కాస్తా 32 అవుతాయి. పాత టవర్‌దీ మాదీ ఒకే లొకేషన్ ఏరియా చేయాలి. మిగిలిన 27 స్లాట్లలో కాల్స్‌ను అవసరమైనప్పుడు సగం రేటుకు దించాలి, ఒక్కో స్లాటులో ఇద్దరు పడతారు.

సగం రేటు అంటే సగం వడ్డన. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. నాణ్యత పట్టికలో మార్కులు తగ్గుతాయి. కానీ చుట్టూ డోళ్ళు మోగుతున్న చోట, "తెల్ల వ్యాను దగ్గరికి రా" అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

మిగతా అన్నిటికీ పైఅధికారి ఒప్పుకున్నారు. గార్డ్ దగ్గర మాత్రం ఆగారు. "తగ్గిస్తే డ్రాప్, మధ్యలో తెగే కాల్స్, పెరుగుతుంది. నెలాఖరున నన్ను అడిగేది డ్రాప్ గురించే." ఆయన భయం అర్థంలేనిది కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009 నిబంధనల్లో తెగే కాల్‌కూ కలవని కాల్‌కూ హద్దులుండేవి. కాల్ డ్రాప్ 2 శాతం, మాటల చానెళ్ళ రద్దీ 2 శాతం, సిగ్నలింగ్ రద్దీ 1 శాతం. కాగితం మీద సమానమే. అయితే తెగిన కాల్‌కు ఒక మనిషి, ఒక ఫిర్యాదు ఉంటాయి. కలవని కాల్‌కు అవేవీ ఉండవు. గంటసేపు రాతల్లోనే వాదించుకున్నాం. చివరికి "నీ పేరు మీద చెయ్యి" అన్నారు. చేశాను.

చీకటి పడే వేళకు ఎర్ర గడులు కొన్ని పసుపు రంగులోకి వచ్చాయి. పచ్చ ఒక్కటీ కాలేదు. డ్రాప్ పెరగలేదు, పెరగడానికి హ్యాండోవర్లుంటే కదా.

గురువారం సాయంత్రం మాత్రం ఏ సెట్టింగూ నిలబడలేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తారు, పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం చెబుతారు. ఆ చప్పుడు వినిపించగానే చుట్టూ అన్ని చేతుల్లోనూ ఒకేసారి ఫోన్లు లేచాయి. అమ్మవారు వచ్చిందని ఇంటికి చెప్పాలి. నా ల్యాప్‌టాప్‌లో అంతా ఎరుపు. ఎర్లాంగ్ సూత్రం ఎక్కడ చేతులెత్తేస్తుందో అక్కడ నాకు కళ్ళారా కనిపించింది. విస్తరి దొరకనివాడు ఇంటికి వెళ్ళిపోతాడని ఆ సూత్రం అనుకుంటుంది. ఇక్కడ ఎవరూ వెళ్ళరు. మళ్ళీ నొక్కుతారు, వెంటనే, బొటనవేలు పచ్చ బటన్ మీద నుంచి తీయకుండా. కలవకపోవడం వల్లే ప్రయత్నాలు పెరుగుతాయి, ప్రయత్నాలు పెరగడం వల్లే ఇంకా కలవదు. టెక్నీషియన్ అన్న తెర చూసి, "మేడం, ఇక మనం కూడా మొక్కుకుందాం" అని గద్దెల వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది దేశమంతా కాల్ డ్రాప్ గొడవ. తెగిన కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడింటి దాకా వినియోగదారుకు చెల్లించాలని 2015 అక్టోబరులో ట్రాయ్ ఆదేశించింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నాకు రూపాయి మీద పేచీ లేదు, కానీ తెగడాన్ని మాత్రమే శిక్షిస్తే ఇంజనీరు ఏం చేస్తాడో తెలుసు కాబట్టి భయం వేసింది. గార్డ్ అంకె పెంచి తలుపు బిగిస్తాడు. లేదా రేడియో లింక్ టైమవుట్ అనే గడువును పొడిగిస్తాడు. సిగ్నల్ పోయాక కాల్ తెగినట్టు ఒప్పుకోవడానికి ముందు ఎంతసేపు ఆగాలన్న అంకె అది. గరిష్ఠానికి పెడితే ముప్ఫై సెకన్ల పైచిలుకు. ఆ నిశ్శబ్దంలో "హలో, హలో" అని విసిగి మనమే ఎర్ర బటన్ నొక్కుతాం. లెక్కల్లో అది సవ్యంగా ముగిసిన కాల్. ఇది సేవ కాదు, లెక్క దిద్దడం.

ఇప్పుడు 4జీ వచ్చాక విస్తర్లే లేవు. 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రం ఉంటే సెకనులో వెయ్యోవంతుకు ఒకసారి వంద ముద్దలు చేసి పంచుతుంది టవర్. డేటాకు దాదాపు ఎవరినీ కాదనదు, అందరినీ కూర్చోబెట్టి మెతుకు మెతుకు వడ్డిస్తుంది. మాటలకు మాత్రం పాత మర్యాదే. వోల్టీ కాల్‌కు, అంటే 4జీ మీద నడిచే మాటల కాల్‌కు, ఇరవై మిల్లీసెకన్లకో ముద్ద తప్పకుండా అందాలి కాబట్టి, అందించగలనా అని చూసుకున్నాకే లోపలికి రానిస్తుంది. ఎవరికి ముందు పీట వేయాలో 1 నుంచి 15 దాకా వరుస నంబర్లున్నాయి. అవసరమైతే వెనక నంబరువాణ్ణి లేపి ముందు నంబరువాణ్ణి కూర్చోబెట్టే వీలు కూడా ఉంది. నాకు నచ్చని మాట అదే, కానీ ప్రమాదంలో ఉన్నవాడి కాల్ వచ్చినప్పుడు నేనూ లేపుతాను.

4జీలో నాకు బాగా నచ్చింది మళ్ళీ మళ్ళీ నొక్కే జబ్బుకు పెట్టిన చిట్కా. రద్దీ మించినప్పుడు టవర్ గాలిలో ఒక అంకె ప్రకటిస్తుంది, సగం అనుకుందాం. కాల్ చేయబోయే ప్రతి ఫోనూ తనలో తానే పాచిక వేసుకుంటుంది. పడితే తలుపు తడుతుంది. పడకపోతే కొన్ని సెకన్లు గమ్మున ఉంటుంది. ఆ కొన్ని సెకన్లు కూడా ఒక్కో ఫోనుకు ఒక్కోలా, అందరూ మళ్ళీ ఒకేసారి లేవకుండా. మనిషి బొటనవేలు ఎంత నొక్కినా ఫోను లోపల ఆగి ఉంటుంది. మేడారంలో ఆ గురువారం సాయంత్రం నా దగ్గర ఈ పాచిక ఉంటే ఎంత బాగుండేదో.

ఇదంతా పెదనాన్నకు ఇంత వివరంగా చెప్పలేదు, పెళ్ళిలో అంత ఓపిక ఎవరికుంటుంది? మేడారం కథ మాత్రం చెప్పాను. ఆయన తహసీల్దారు కదా, విన్నాక లెక్క అడిగారు.

"అయితే ఆ సాయంత్రం ఎంతమందిని వెనక్కి పంపావు తల్లీ?"

తెగినవాటి సంఖ్య నాకు ఇప్పటికీ గుర్తుంది. వెనక్కి పంపినవాటికీ నా దగ్గర ఒక పెద్ద సంఖ్య ఉంది, కానీ అది మనుషుల లెక్క కాదు, ప్రయత్నాల లెక్క. నలభై సార్లు నొక్కినవాడు అందులో నలభై. ఒక్కసారి నొక్కి, కలవక, ఫోను కొంగున ముడేసుకున్న ఆవిడ అందులో ఒకటి. అసలు కలవదులే అని నొక్కనివాళ్ళు అందులో లేనే లేరు.

అదే చెప్పాను. ఆయన ఏదో అనబోయారు. ఇంతలో లోపలి నుంచి మూడో బంతి లేచింది, ఎవరో మా ఇద్దరి భుజాలు పట్టి లోపలికి నెట్టారు.